తొట్టిదొర కనిపెట్టిన జన్యువు

"రాసుకో తమ్ముడూ, మొదటి వాక్యం నేనే చెప్తా. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో నేను కనిపెట్టింది ఒకే ఒక్కటి. అదీ తప్పు."

"పూర్తిగా తప్పా అన్నయ్యా?"

"పూర్తిగా అని అప్పుడే అనకు. సోమవారం దాకా ఆగు. సోమవారం పదకొండింటికి పైన కమిటీ కూర్చుంటుంది. ఆ పిల్ల మూడేళ్ళ కష్టం ఒడ్డున పడుతుందో మునుగుతుందో ఆ రోజు తేలిపోతుంది. ముంచింది నేను. ఆ మాట ఇవాళ పొద్దున్నే మేడమ్ దగ్గరకెళ్ళి చెప్పా. ఆవిడ నమ్మలేదు. కోతలు కోసినన్నాళ్ళూ చక్కగా నమ్మారు, తీరా నిజం చెప్తే సాక్ష్యం తెమ్మంటున్నారు."

ఈ మాటలన్నది ఒక పరిశోధన సంస్థ నేలమాళిగలో చేపల గది చూసుకునే ఉద్యోగి. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంటుంది. మూడంతస్తుల్లోనూ ఆయన్ని తొట్టిదొర అనే పిలుస్తారు. ఈ బిరుదు ఎవరిచ్చారని ఒకసారి అడిగితే, "నేనే పెట్టుకున్నా, ఇంకెవరో ఇంతకన్నా ఘోరమైంది పెట్టకముందే" అన్నారు. మరో నాలుగు నెలల్లో రిటైరవుతారు.

నేను ఆ సంస్థలోని పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలకు అట్టలు కట్టేవాణ్ని. జిగురు ఆరేదాకా చేతిలో పని ఉండదు కనుక, కట్టిన పుస్తకం తెరిచి చదవడం అలవాటైంది. అర్థం కానిచోట ఒక చీటీ పెట్టుకుని, పుస్తకాలు అప్పగించడానికి వెళ్ళినప్పుడు నేలమాళిగకు దిగి ఈయన్ని అడుగుతాను. పై అంతస్తులవాళ్ళూ జవాబు చెబుతారు. కాని ఒక జవాబు విన్నవాడికి ఇంకో ప్రశ్న పుడుతుందని వాళ్ళకు తోచదు. తొట్టిదొర అలా కాదు. చెప్పడం ముగించి, నా ముఖంలోకి చూసి, "ఊఁ, రెండోది అడుగు" అంటారు.

ఆ గది పొడవుగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. ఇనుప అరల మీద నలభై గాజు తొట్లు. గోడ పక్కనే గాలి పంపు గురక పెట్టినట్టు చప్పుడు చేస్తూ ఉంటుంది. నేల ఎప్పుడూ తడి. ఒక కాలు విరిగితే గొట్టాలకు చుట్టే టేపుతో కట్టు కట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఆయనది. వచ్చినవాళ్ళకు బోర్లించిన బకెట్. ఆ మధ్యాహ్నం నేను బకెట్ మీద కూర్చున్నాను. ఆయన కుర్చీలో లేరు. తొట్ల మధ్య పచార్లు చేస్తున్నారు.

ఆయన ఈ గదికి వచ్చింది చేపల కోసం కాదు. ఇరవయ్యేడేళ్ళ వయసులో ఒక కంట్రాక్టరు కింద ప్లంబరుగా వచ్చి ఈ తొట్లకు నీటి గొట్టాలు బిగించారు.

"బాగా బిగించుంటే ఆ రోజే కూలి పుచ్చుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. పదిహేను చోట్ల కారింది. రోజూ వచ్చి చూసి పొమ్మన్నారు. ఎలాగూ రోజూ వస్తున్నావుగా, చేపలకి మేత వెయ్యమన్నారు. మేత వేసేవాడు పర్మినెంటుగా ఉండాలని ఉద్యోగం ఇచ్చారు. అంటే ఏమిటి? నాకు పనితనం ఉండుంటే ఈ ఉద్యోగం వచ్చేదే కాదు. పని చేతకాక పైకొచ్చినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అని కొన్నాళ్ళు గర్వంగా ఉండేది. తర్వాత పై అంతస్తులు చూశా. ఆ గర్వం కూడా పోయింది."

పదో తరగతి సైన్సులో తనకు వచ్చిన మార్కులు తన చెప్పుల సైజు కంటే తక్కువని చెబుతారు. ఆయన చెప్పనిది ఒకటుంది, అది నేను కళ్ళారా చూశాను. వేలెడంత చేపను తడి గుడ్డలో పట్టుకుని, ఒక్క పొలుసు రాలకుండా, తోక దగ్గర సన్నని సూదితో రక్తం తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలితే అది ఏమీ జరగనట్టు ఈదుకుంటూ పోతుంది. ఆ పని చేతకాక పెద్ద చదువులు చదివినవాళ్ళు ఈ గదికి దిగి వచ్చి ఆయన్ని బతిమాలుకుంటారు.

జరిగింది చెప్పాలంటే ముందు ఆ పిల్ల చేస్తున్న పరిశోధన ఏమిటో చెప్పాలి. పిల్ల అంటే, మూడో అంతస్తులో పరిశోధనశాల నడిపే మేడమ్ దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయి. ఈయన్ని బాబాయ్ అంటుంది, ఈయన తల్లీ అంటారు. చుట్టరికం ఏమీ లేదు, మూడేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ.

మన ఒంట్లోగానీ చేప ఒంట్లోగానీ కాపలా కాసే తెల్లకణాలు ఉంటాయి. వాటి పైపొర మీద గుచ్చినట్టు కొన్ని ప్రోటీన్లు నిలబడి ఉంటాయి. ఎదురొచ్చింది మనవాడా పరాయివాడా అని తడిమి చూసేవి అవే. అవి మడతలు మడతలుగా ఉంటాయి. కొన్నిటికి రెండు మడతలు, కొన్నిటికి మూడు. వాటిని తయారు చేసే జన్యువు ఒకే పోగులా ఉండదు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సాధారణంగా ఒక్కో మడతకు ఒక్కో ముక్క. ముక్కకూ ముక్కకూ మధ్య చాలా దూరం పనికిరానట్టు కనిపించే రాత.

ఇది నాకు మొదటిసారే అర్థమైంది. పుస్తకం కూడా అంతే. పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి, వాటిని వరసగా పెట్టి కుడతాం. ఆ సంగతి చెబితే తొట్టిదొర చప్పట్లు కొట్టినంత పనిచేశారు.

"అదే! ఇప్పుడు చూడు. ఒక పుస్తకాన్ని వందసార్లు అచ్చేశారనుకో. ప్రతిసారీ అక్షరాలు కొన్ని మారతాయి. వందోసారికి మొదటి పుస్తకానికీ దీనికీ పోలికే ఉండదు. కానీ ఫారం ఎక్కడ తెగిందో ఆ చోటు మారదు. ముఖం మారినా నడక మారనట్టు. ఈ జన్యువులు ఎవరికెవరు ఏమవుతారో ఈ పిల్ల అలాగే పడుతుంది. అక్షరాలూ చూస్తుంది, అతుకులూ చూస్తుంది. ఒక జన్యువు ఎప్పుడో పొరపాటున రెండుసార్లు రాసుకుపోతుంది. ఒకటి ఇంటి పని చేసుకుంటూ ఉంటుంది. రెండోదానికి పనీపాటా ఉండదు, ఊరి మీద పడి తిరిగీ తిరిగీ ఏదో ఒక కొత్త పని నేర్చుకుంటుంది. అలా అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. వంశవృక్షం. మా బావమరిది కూడా ఆ రెండో రకమే. కాకపోతే వాడింకా ఏ పనీ నేర్చుకోలేదు."

ఈ తొట్లలోని మంచినీటి చేప జన్యువుల పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరూ పూర్తిగా చదవలేదు. అక్కడక్కడా పేజీలు లేవు. ఆ లేని పేజీల్లో తెల్లకణాల ప్రోటీన్ల కుటుంబం ఒకటి ఉందని మేడమ్ అనుమానం. అమ్మాయి పది చేపలను తీసుకుంది. పేగు గోడలో తెల్లకణాలు దండిగా ఉంటాయి కనుక పేగు ముక్కలు తీసుకుంది. యంత్రం చిటికెడు పదార్థంలోంచి కావలసిన జన్యువును వెతికి లక్షల నకళ్ళు తీస్తుంది. ఈ చేపలో ఆ కుటుంబం వాళ్ళందరికీ మూడేసి మడతలని తేలింది. అంతా సవ్యంగా ఉంది. అప్పుడు, మూడు మడతలవాళ్ళ మధ్య, నాలుగు మడతల జన్యువు ఒకటి కనిపించింది.

వంశవృక్షం గీసి చూస్తే అది తన ఇంటివాళ్ళ పక్కన కూర్చోలేదు. ఎక్కడో సముద్రపు చేపల కొమ్మ చివర, ఎవరూ అనుకోని చోట వెళ్ళి కూర్చుంది. అతుకులు కూడా వాళ్ళవే.

"ఆ రోజు పిల్ల మెట్లు రెండేసి దిగుతూ వచ్చింది తమ్ముడూ. 'బాబాయ్, ఇది మన చేపలో ఉండాల్సింది కాదు' అంది. మరెందుకుంది తల్లీ అన్నా. 'పాతకాలంలో అందరికీ ఉండేదేమో. మిగతావాళ్ళు పారేసుకున్నారు, మనవాళ్ళు దాచుకున్నారు' అంది. నేనేమన్నానో తెలుసా? 'మనవాళ్ళు బుద్ధిమంతులమ్మా, దేన్నీ పారెయ్యరు. నా పెంపకం అలాంటిది' అన్నా. ఈ నోటితోనే అన్నా."

మరో వింత కూడా ఉంది. ఆ జన్యువు పది చేపల్లోనూ లేదు. నాలుగింట్లోనే ఉంది. ఒకే జాతిలో కొందరికి ఉండి కొందరికి లేకపోవడం ఇంకా పెద్ద విషయమట. మేడమ్ వ్యాసం రాయడం మొదలుపెట్టారు. ఆ చేపల్ని పెంచింది ఈయనే కనుక ఈసారి ఈయన పేరు కూడా వేస్తామన్నారు.

"ముప్పై ఒక్కేళ్ళలో నా పేరు అచ్చులో పడింది ఒక్కసారే. లిఫ్టు పాడైనప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిన కాగితం మీద. మీ వదిన ఈ సంగతి మా బావమరిదికి చెప్పింది. వాడు ఫోన్ చేసి 'బావా, పేరు ఎన్నో నంబరు?' అన్నాడు. నాలుగు అన్నా. 'ఎంతమందిలో?' అన్నాడు. నలుగురిలో అన్నా. పెట్టేశాడు."

వ్యాసం పంపేముందు అమ్మాయి ఒక సరిచూపు చేసింది. అవే పది చేపల రక్తం, తొట్టిదొర తీసి దాచిపెట్టినది, ఫ్రీజరులో ఉంది. జన్యువు అన్నాక ఒంట్లో ప్రతిచోటా ఉండాలి. పేగులో ఉన్నది రక్తంలోనూ ఉండాలి. యంత్రంలో పెట్టింది. రక్తంలో లేదు. మళ్ళీ పేగు పెట్టింది, ఉంది. మళ్ళీ రక్తం, లేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే.

మేడమ్ మంచావిడే. కానీ పనిలో మురికిని సహించరు. నమూనాల గొట్టాలు కలిపేశావని అమ్మాయిని అన్నారు. చెయ్యి శుభ్రంగా లేకపోతే నీ మూడేళ్ళ పనిలో ఏది నమ్మాలి అన్నారు. కమిటీ కూర్చునేలోగా తప్పు ఎక్కడ జరిగిందో చూపించాలి, లేదంటే మొత్తం పని మొదటినుంచి మళ్ళీ చెయ్యాలి అన్నారు. మొదటినుంచి అంటే ఇంకో రెండేళ్ళు. ఆ అమ్మాయికి అన్నాళ్ళు గడువు లేదు. మళ్ళీ చెయ్యమనడమంటే మానుకోమనడమే.

"పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బావుండేది. చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. అదిగో ఆ సింకులోనే. కడుగుతుంది, తుడుస్తుంది, రెండు జతల గ్లౌజులు వేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ కడుగుతుంది. వేళ్ళ మధ్య తోలు లేచిపోయింది. 'బాబాయ్, నా చేతులే నన్ను మోసం చేస్తున్నాయి' అంది. ఓదారుద్దామని పక్కన కూర్చున్నా. ఆ లెక్కల కాగితం ఇలా ఇవ్వమ్మా, ఏ చేపలో ఏముందో చూద్దాం అన్నా. ఏదో పెద్ద పండితుణ్ణయినట్టు. ఇచ్చింది. జన్యువు ఉన్న చేపలు: రెండు, అయిదు, ఆరు, తొమ్మిది."

ఇక్కడ ఆయన పచార్లు ఆపారు.

"రెండు, అయిదు, ఆరు, తొమ్మిది. నా ఫోన్ నంబరు మర్చిపోతా, ఇవి మర్చిపోను."

ఆయన గోడ వైపు వేలు చూపించారు. అక్కడ ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించిన నియమాల కాగితం ఉంది. మూడోది: నమూనా తీయడానికి రెండు రోజుల ముందునుంచి చేపలకు మేత వేయరాదు, పేగు ఖాళీగా ఉండాలి. చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉంది.

"ఎవరి రాత అనుకున్నావు? నాదే."

పది చేపల్లో ఆ నాలుగూ ఆయన కుర్చీ పక్క తొట్టిలో ఉండేవి. ఈయన వచ్చి కూర్చుంటే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేవి. మిగతా ఆరూ అటు అరలో ఉండేవి. అవి ఈయన్ని పట్టించుకునేవి కావు.

"రేపు పొద్దున కోస్తారు. రెండు రోజులనుంచి మేత లేదు. ఆ నాలుగూ అద్దానికి మూతులు ఆనించి నన్నే చూస్తున్నాయి. చచ్చేముందు ఖైదీకైనా ఏం కావాలని అడుగుతారే! ఒక్క ముద్ద పెడితే ఏం పోతుందనుకున్నా. మామూలు మేత పెడితే పేగులో పచ్చగా కనిపించి పట్టుబడిపోతా. అందుకని, బుర్ర ఉపయోగించా చూడు, ఇంటినుంచి తెచ్చి పెట్టా. మా పిల్లి కోసం మీ వదిన చిన్నచేపలు కొని పచ్చివే సన్నగా తరిగి ఉంచుతుంది. అందులోంచి చిటికెడు డబ్బాలో వేసుకొచ్చా. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఇట్టే అరిగిపోతుంది. పేగు చూడటానికి ఖాళీగానే ఉంటుంది. యంత్రం కళ్ళు మన కళ్ళలాంటివి కావని నాకేం తెలుసు? దానికి పొగమంచంత ఉన్నా చాలట."

"అంటే ఆ నాలుగు మడతల జన్యువు..."

"మా పిల్లి తిండి. పాతకాలపు వారసత్వమూ కాదు, దాచుకున్న నిధీ కాదు. రాత్రి భోజనం."

"మిగతా ఆరింటికి పెట్టలేదా?"

"అవి నన్ను పలకరించేవి కావన్నాగా. మొహం చాటేసేవాళ్ళకి ఎందుకు పెడతాం? పొగిడినవాడికి పెట్టడం మన పుట్టుకలోనే ఉంది. చేపలు కూడా నన్ను కాకా పట్టి పని చేయించుకున్నాయంటే నేనెంత గొప్పవాణ్ణో చూసుకో. ఆ ఆరింటికి ఆత్మాభిమానం ఉండబట్టి సైన్సు ఆ మాత్రం మిగిలింది."

సంగతి తెలిసిన రోజునుంచి చెప్పిన రోజుకు పదకొండు రోజులు పట్టింది. తేలు కుట్టిన దొంగలా తిరిగానంటారాయన. మొదటి రోజు, మేడమ్ ఊళ్ళో లేరు. రెండో రోజు ఉన్నారు, కానీ కోపంగా ఉన్నారు. మూడో రోజు మంచి మూడ్‌లో ఉన్నారు, దాన్ని పాడుచేయడం ఎందుకు. ఒక రోజు మేడమ్ గది తలుపు దాకా వెళ్ళి, తలుపు కీచుమంటోందని నూనె వేసి వచ్చేశారట. నాలుగు నెలల్లో రిటైరుమెంటు, అచ్చులో పేరు, బావమరిది, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నోరు మూశాయి. ఈలోగా సింకు దగ్గర సబ్బు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. మార్చింది ఈయనే.

"చివరికి మీ వదినకి చెప్పా. 'పిల్లికి పెట్టమని ఇస్తే చేపలకి పెట్టొచ్చావా? చేపకి చేపనా? నీకసలు బుర్రుందా?' అంది. అక్కడితో ఆగుతుందనుకున్నా. 'ఆ పిల్ల చేతులు చూశావుగా, ఇంకా ఇక్కడ కూర్చుని అన్నం ఎలా తింటున్నావు?' అంది. కంచం ముందునుంచి లేచిపోయా. పొద్దున్నే టిఫిను కూడా మానేసి వచ్చా. ఖాళీ కడుపుతో. రూలు నంబరు మూడు."

మేడమ్ గదిలో జరిగింది ఆయన మాటల్లోనే వింటే బావుంటుంది. అమ్మాయిని కూడా పిలిపించుకున్నారట, ఒకే మాట రెండుసార్లు చెప్పే ధైర్యం లేక.

"మేడమ్, తప్పు ఈ పిల్లది కాదండీ, నాది, అన్నా. ఆవిడ కళ్ళజోడు తీసి 'ఏం చేశారు?' అన్నారు. కోతకి ముందురోజు నాలుగు చేపలకి మేత పెట్టానండీ. 'ఏం పెట్టారు?' చేపండీ. 'చేపకి చేపా?' అవునండీ, మా ఆవిడ కూడా అదే అడిగిందండీ. 'ఏ చేప?' చిన్నదండీ. 'చిన్నదంటే? జాతి ఏమిటి?' నాకు తెలీదండీ, మా పిల్లికి తెలుసేమో. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోరు నా మాట వినదు."

అప్పుడు మేడమ్ ఆయన ఊహించని మాట అన్నారు.

"'మీకు ఈ అమ్మాయంటే అభిమానమని నాకు తెలుసు. రిటైరయ్యేవాణ్ణి కదా, నన్నేం చేస్తారులే అని నింద మీద వేసుకుంటున్నారు. మీరు మంచివారు. కానీ నేను దీన్ని కమిటీకి ఎలా చెప్పను?' అన్నారు. మంచివాణ్ణట! చూశావా తమ్ముడూ? జీవితంలో మొదటిసారి ఒక వెధవపని చేశానని నిజాయితీగా ఒప్పుకుంటే, త్యాగమూర్తిని చేసి కూర్చోబెట్టారు. మొరపెట్టుకున్నా. లేదండీ, నేను నిజంగానే వెధవనండీ అన్నా. ఎంత గట్టిగా చెప్తే అంత జాలిగా చూశారు."

"మరి ఆ అమ్మాయి?"

ఆయన కుర్చీలో కూర్చున్నారు. కట్టు కట్టిన కాలు కిర్రుమంది.

"తను నన్ను నమ్మింది. నంబర్లు చూడగానే నమ్మింది. నా తొట్టిలో ఏవి ఉండేవో తనకి తెలుసుగా. నవ్వుతుందేమో అనుకున్నా, తిడుతుందేమో అనుకున్నా. రెండూ చెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు తిప్పి చూసుకుని, 'పదకొండు రోజులు, బాబాయ్' అంది. అంతే."

కొంతసేపటికి అమ్మాయే మేడమ్‌తో మాట్లాడిందట. ఆయన మాట నిజమో కాదో తేల్చడం తేలికే అంది. ఆ చిన్నచేపను తెచ్చి, దాని రక్తంలోంచి జన్యువు తీసి చూద్దాం. నాలుగు మడతలు, అవే అతుకులు, అవే అక్షరాలు కనిపిస్తే ఇంక అనుమానం ఉండదు. పైగా ఆ అధ్యాయం చింపేయనక్కర్లేదు. జన్యువు అసలైనదే, కాకపోతే ఇంకో చేపది. ఆ జన్యువును ఇంతవరకూ ఎవరూ చదివినట్టు లేదు.

"ఒక సంగతి గమనించావా నువ్వు? ఆ చెట్టు మొదటిరోజునుంచీ నిజమే చెప్తోంది. పిల్ల గీసిన వంశవృక్షం ఆ జన్యువుని తీసుకెళ్ళి సముద్రపు చేపల పక్కన, సరిగ్గా వాళ్ళింటి గుమ్మంలోనే కూర్చోబెట్టింది. ఈ అమ్మాయి పని అంత శుభ్రం. చిటికెడు ముద్దలో దొరికినదాన్ని కూడా తప్పిపోయిన పిల్లని ఇంటికి చేర్చినట్టు చేర్చింది. ఆ ఇల్లు ఎవరిదమ్మా అని అడగాల్సింది పోయి, మనవాళ్ళు దాచుకున్నారు అని చంకలు గుద్దుకున్నాం. తన చేతులు మోసం చెయ్యలేదు. ఈ చేతులు చేశాయి."

ఆయన తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూపించారు. తొట్ల నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి.

"మేడమ్ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. షరతు పెట్టారు. చేప తెచ్చేది నేను కాకూడదట. నేను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే, పిల్లని కాపాడటానికి నేనే ఏదో చేశానంటారు కమిటీవాళ్ళు. మీ వదిన తెస్తానంది. ఆవిడ ముద్దాయి భార్య, పనికిరాదట. పిల్ల తేకూడదు. లేబులో ఇంకెవరూ తేకూడదు. మా ఇంటికీ ఈ లేబుకీ సంబంధం లేనివాడు కావాలి. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, సొంత తెలివి ఉపయోగించనివాడు కావాలి. నేనొక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీ పేరు చెప్పా."

నేను బకెట్ మీదినుంచి లేచాను.

"కోపమొచ్చిందా? మెచ్చుకోలు అది. సొంత తెలివి ఉపయోగించి నేనెక్కడికొచ్చానో చూశావుగా. ఇప్పుడు జాగ్రత్తగా విను. మా వీధి చివర మెట్ల కింద ఒకావిడ చేపలమ్ముతుంది. పొద్దున ఏడింటికల్లా వస్తుంది, ఎనిమిదిన్నరకి బుట్ట ఖాళీ. రేపు శుక్రవారం. పిల్లకి రక్తం తియ్యడానికి, యంత్రంలో పెట్టడానికి, అక్షరాలు రావడానికి శని, ఆది రెండు రోజులూ కావాలి. కాబట్టి రేపే. ఎల్లుండి తెస్తే మనం ఆ చేపని కూర వండుకోవడమే. పెద్దచేపల వైపు చూడకు. బుట్ట పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది, అందులో వేలెడంత, వెండిలా మెరుస్తూ, తోక దగ్గర పసుపు గీత ఉన్నవి. పిల్లికని అడుగు, అప్పుడే ఇస్తుంది. మనుషులకని చెప్తే ఆవిడకి అనుమానం."

"ఎన్ని తేవాలి?"

"పది. ఒక్కోటి వేరే కవరులో. కవర్లు పిల్ల ఇచ్చింది, అదిగో బల్ల మీద, నేను ముట్టుకోలేదు, నువ్వే తీసుకో. గ్లౌజులు కూడా అక్కడే ఉన్నాయి. ఆవిడ కత్తి తీసి శుభ్రం చేస్తానంటుంది, పొలుసు కూడా తియ్యనివ్వకు. తల, పొట్ట, అన్నీ ఉండాలి. ఐసు మీద పెట్టి, నేరుగా మూడో అంతస్తుకి పట్టుకెళ్ళి పిల్ల చేతికే ఇవ్వు. దారిలో ఇక్కడికి దిగకు. నేను పిలిచినా దిగకు. నాకు చూడాలనిపించి పిలుస్తా, నువ్వు రాకు."

నేను కవర్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. మెట్ల దగ్గరకు వెళ్ళేసరికి వెనకనుంచి మళ్ళీ పిలిచారు.

"తమ్ముడూ, ఇంకొక్కటి. మేడమ్ అడిగినప్పుడు నీళ్ళు నమిలానే, జాతి ఏమిటని? నేనూ మీ వదినా ఇన్నేళ్ళుగా పిల్లిచేప అనే అంటున్నాం. సోమవారం పిల్ల కమిటీ ముందు నిలబడి పిల్లిచేప అంటే బావుండదు. ఆ చేపలావిడ దాన్ని ఏమంటుందో అడుగు. ఎక్కడ దొరుకుతుందో, ఎవరు పట్టుకొస్తారో కూడా అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, నీ మాటలేమీ కలపకుండా, కాగితం మీద రాసి ఆ కవర్లతో పాటు పిల్లకిచ్చెయ్యి."